పై అంతస్తు బాత్‌రూమ్‌లో టబ్: యాక్రిలికా, గ్రానైటా, క్యాస్ట్ ఐరనా?

హన్మకొండలో ఇల్లు కట్టుకుంటున్న తమ్ముడు అడిగింది ఇది. మొదటి అంతస్తులో ఎనిమిది బై ఆరు అడుగుల బాత్‌రూమ్. స్లాబ్ పడింది, పైపుల కోసం బాత్‌రూమ్ స్లాబ్‌ను ఒక అడుగు పల్లంగా (దీన్నే సంకెన్ అంటాం) వదిలారు, టైల్స్ ఇంకా వేయలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వేడినీళ్లలో కాసేపు కూర్చుంటే హాయిగా ఉంటుందని టబ్ పెట్టిద్దామనుకుంటున్నారు. మేస్త్రి ఏమో "కరీంనగర్ గ్రానైట్‌తో ఇక్కడే కట్టేద్దాం సార్, మూడు తరాలు చూస్కోనక్కర్లేదు" అంటున్నాడట. షాపువాళ్లు యాక్రిలిక్ చూపిస్తున్నారు. అమెరికాలో ఉన్న బావ క్యాస్ట్ ఐరన్ తప్ప ఏదీ కొనొద్దని ఫోన్లో పట్టుబడుతున్నాడు. ఇంట్లో వాడకానికి బోరు నీళ్లే ఎక్కువ.

నేను వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ముప్పై ఏళ్లుగా ప్లంబింగ్, శానిటరీ పనులు చేయిస్తున్నాను. మా ఊళ్లలో టబ్ అడిగేవాళ్లు మొన్నమొన్నటి దాకా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పెట్టించుకున్నవాళ్లలో సగం మంది ఇప్పుడు అందులో విప్పిన బట్టలు వేసుకుంటున్నారన్నది కూడా నిజం. మీకు కారణం ఉంది కాబట్టి సూటిగా చెప్తాను. మీ ఇంటికి యాక్రిలిక్ సరిపోతుంది. అయితే ఏ యాక్రిలిక్, దాని కింద ఏం వేస్తున్నారు అన్నది తేల్చుకోకుండా కొంటే మాత్రం మీ మేస్త్రి మాట విన్నా బాగుండేదనిపిస్తుంది.

ముందు బరువు సంగతి చూద్దాం. ఐదున్నర అడుగుల యాక్రిలిక్ టబ్ ఫ్రేముతో సహా ముప్పై నుంచి నలభై కిలోలు. ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా ఎత్తుకుపోతారు. అదే సైజు క్యాస్ట్ ఐరన్ 120 నుంచి 180 కిలోలు. ఇక మేస్త్రి చెప్పే గ్రానైట్ తొట్టి లెక్క వేరే. ఒక పొడుగు పక్క, ఒక పొట్టి పక్క నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టాలి. దానికి లోపలా బయటా రాయి అతికించాలి, అడుగున రాయి పరవాలి. నేను లెక్కేస్తే ఐదారు వందల కిలోల దగ్గర తేలుతుంది. అసలు చిక్కు ఇంకొకటుంది. ఫ్యాక్టరీ టబ్ లోపల ఒంటి ఆకారానికి తగ్గట్టు వాలుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. అందుకే నూట యాభై లీటర్లతో పని అయిపోతుంది. మేస్త్రి కట్టే తొట్టికి గోడలు నిటారుగా ఉంటాయి. అంతే లోతు నీళ్లకు మూడు వందల యాభై లీటర్లు తాగుతుంది. రాయి, ఇటుక, నీళ్లు, మనిషి అన్నీ కలిపితే టన్ను.

భవనాల మీద పడే బరువులు లెక్కేసే మన ఐఎస్ 875 కోడ్ ప్రకారం ఇళ్లలోని గదులకు, బాత్‌రూమ్‌లకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) లెక్కేసి స్లాబ్ డిజైన్ చేస్తారు. యాక్రిలిక్ టబ్ నీళ్లతో, మనిషితో కలిపి దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటుంది. క్యాస్ట్ ఐరన్ 300కు దగ్గరగా వెళుతుంది. కట్టిన గ్రానైట్ తొట్టి 600 దాటుతుంది. దాటగానే స్లాబ్ ఊడిపడుతుందని భయపెట్టడం లేదు, బీముల పక్కన ఉంటే తట్టుకోవచ్చు కూడా. కానీ ఆ మాట మీ స్ట్రక్చరల్ ఇంజినీర్ డ్రాయింగ్ చూసి చెప్పాలి. మేస్త్రి స్లాబ్‌ను కాలితో తొక్కి "ఏం కాదు సార్" అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంతా చేసి, మీ బాత్‌రూమ్‌లో టబ్ కంటే పెద్ద బరువు ఇంకొకటి రాబోతోంది. ఆ అడుగు లోతు సంకెన్‌ను మనవాళ్లు ఇటుక ముక్కలు, ఇసుక, సిమెంటు పోసి నింపుతారు. చదరపు మీటరుకు ఐదు వందల కిలోలు. మీ గది మొత్తానికి రెండు టన్నులకు పైమాటే. దీని గురించి ఎవరూ అడగరు! రామప్ప గుడికి వెళ్లినప్పుడు గైడు శిఖరం ఇటుక నీళ్లలో తేలుతుందని చెప్పగానే అందరం ఫొటోలు తీసుకుని వస్తాం. 1213 నాటి ఆ గుడి కట్టినవాళ్లు పైకి పోయేకొద్దీ బరువు తగ్గించాలని ఆ ఇటుక వాడారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనం పై అంతస్తు స్లాబ్ మీద ఇటుక రద్దు పోస్తున్నాం. ఇప్పుడు ఊరి చివర గోదాముల్లో దొరికే ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకు) ముక్క కూడా నీళ్లలో తేలుతుంది. సంకెన్‌లో ఇటుక రద్దు బదులు ఆ బ్లాకులు పరిపిస్తే బరువు మూడో వంతుకు దిగుతుంది. ఒక్కటే షరతు, అవి నీళ్లు పీలుస్తాయి. కాబట్టి కింద వాటర్‌ప్రూఫింగ్ చేసి, నలభై ఎనిమిది గంటలు నీళ్లు నిలబెట్టి, కింద సీలింగ్‌కు చెమ్మ రాలేదని చూసుకున్నాకే నింపాలి. సంకెన్ అడుగు నుంచి చిన్న పైపు ఒకటి బయటి గోడకు తీయండి. ఎప్పుడైనా లోపల లీకైతే అందులోంచి బొట్టు కారి మీకు కబురు చెప్తుంది.

అమ్మగారి మోకాళ్ల కోసమని అన్నారు కాబట్టి ఇంకో మాట. మామూలుగా కాళ్ల ఫ్రేము మీద నిలబెట్టిన టబ్ అంచు ఎత్తు యాభై ఐదు, అరవై సెంటీమీటర్లు ఉంటుంది. మోకాళ్లు వంగని మనిషి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు అంత ఎత్తు లేపి, తడి నేల మీద దాటాలి. మెటీరియల్ గొడవ కంటే ఇది పెద్దది. మీకు సంకెన్ ఖాళీగా ఉంది కదా, టబ్ వచ్చే చోట దాన్ని పూర్తిగా నింపకుండా టబ్‌ను ఐదారు అంగుళాలు కిందికి దింపండి. అంచు నలభై ఐదు సెంటీమీటర్లకు, అంటే దాదాపు కుర్చీ ఎత్తుకు వస్తుంది. అంచు మీద కూర్చుని ఒక్కో కాలు లోపల పెట్టుకోవచ్చు. ట్రాప్‌కూ (మురికి వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు) పైపు వాలుకూ చోటు మిగులుతుందో లేదో ప్లంబర్ ముందే కొలవాలి. గోడకు పట్టుకునే రాడ్ బిగించే చోట ఇప్పుడే గట్టి ఇటుక పెట్టించండి. అన్నట్టు ఇది క్యాస్ట్ ఐరన్‌తో చేయడం కష్టం, చేసినా రేపు ట్రాప్ బాగు చేయాలంటే ఆరుగురు మనుషుల్ని పిలవాలి.

ఇప్పుడు బావగారి క్యాస్ట్ ఐరన్. దాన్ని తక్కువ చేయను. పోత ఇనుము మీద ఎనామిల్, అంటే గాజులాంటి పూత, కాల్చి ఎక్కించిన టబ్ యాభై ఏళ్లు మెరుస్తుంది, గీతలు పడవు, నీళ్లు పోస్తుంటే చప్పుడు రాదు. అమెరికాలో కోహ్లర్ కంపెనీ మొదలుపెట్టిన పెద్దమనిషి 1883లో పశువుల నీళ్ల తొట్టికి ఎనామిల్ పూసి, నాలుగు కాళ్లు పెట్టి స్నానాల తొట్టిగా అమ్మాడు. మన ఊళ్లో కుడితి గోలేనికి కాళ్లు పెట్టినట్టన్నమాట. అక్కడి పాత ఇళ్లలో ఆ టబ్బులు ఇంకా ఉన్నాయి, బావ చూసింది అదే. కానీ మన బాత్‌రూమ్‌లో ఇత్తడి చెంబు ఉంటుంది. అది చేజారి అంచు మీద పడితే ఎనామిల్ పెచ్చు లేస్తుంది, కింద ఇనుము బయటపడి తుప్పు పడుతుంది. అతుకు రంగు ఎంత బాగా వేసినా మచ్చ కనబడుతుంది. పైగా యాక్రిలిక్ కంటే ధర కొన్ని రెట్లు, మోత కూలీ అదనం.

"క్యాస్ట్ ఐరన్ వేడి పట్టి ఉంచుతుంది" అన్న మాట సగమే నిజం. చలికాలం పొద్దున 22 డిగ్రీల దగ్గరున్న నూట యాభై కిలోల ఇనుములో నలభై డిగ్రీల నీళ్లు పోస్తే ముందు ఆ ఇనుమే వేడి తాగుతుంది, నీళ్లు రెండు డిగ్రీల దాకా చల్లారతాయి. తర్వాత నెమ్మదిగా వదులుతుంది, అది ఒప్పుకుంటాను. గ్రానైట్ అయితే ఇంకా ఎక్కువ. నాకు తెలిసిన కాజీపేట ఇంట్లో ఇలాంటి తొట్టే కట్టించుకున్నారు. చూడ్డానికి రాజుల కోట. జనవరిలో ఇంటావిడ మూడు గీజర్ల నీళ్లు పోసి కూర్చుంటే వీపుకు రాయి జివ్వుమందట. ఇప్పుడు అది ఎండాకాలం నీళ్ల నిల్వకు పనికొస్తోంది. మన పాత గాబు లాగా. అంత ఖర్చుతో గాబు! యాక్రిలిక్ మాత్రం వేడిని చాలా తక్కువగా లాగుతుంది, ముట్టుకోగానే చల్లగా తగలదు. ఏ టబ్‌లోనైనా వేడి ఎక్కువగా పోయేది నీటి పైభాగం నుంచి, ఆవిరిగా. తలుపు, వెంటిలేటర్ మూసుకుంటే వచ్చే లాభం ముందు మెటీరియల్ వల్ల వచ్చే తేడా చిన్నది.

కట్టిన తొట్టికి ఇంకో జబ్బు కూడా ఉంది. అతుకులు. వేడినీళ్లు పోసినప్పుడల్లా రాయి కాస్త సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, మూలల్లో సందులు పూడ్చిన గ్రౌట్ వెంట్రుకంత చీలుతుంది. పసుపు, సున్నిపిండి, కొబ్బరినూనె ఆ చీలికలో చేరితే ఇక ఏ బ్రష్షూ తీయలేదు. కరీంనగర్ టాన్ బ్రౌన్ మీద నాకు కోపమేం లేదు, మా వంటింటి గట్టు అదే. దాన్ని గట్టుకే ఉంచండి.

పలుచని ఉక్కు రేకు మీద ఎనామిల్ వేసినవి కూడా ఉంటాయి. యూరప్ నుంచి వచ్చే మందపు రేకువి బాగుంటాయి. చవకవి నీళ్లు పోస్తే డప్పు కొట్టినట్టు మోగుతాయి. వాటి గురించి ఇంతకంటే అక్కర్లేదు. రాతి పొడి, రెసిన్ కలిపి పోసిన మ్యాట్ టబ్బులు హోటళ్లలో చూసి చాలామంది మోజు పడుతున్నారు, నూరు కిలోలకు పైగా తూగుతాయి. చేత్తో తడిమితే భలే ఉంటాయి. కానీ పండగ పూట నలుగు పెట్టుకుని, తలంటుకుని స్నానం చేసే ఇంట్లో ఆ టబ్ మెరుపులేని తెల్లటి ఒంటి మీద పసుపు పడితే రోజుల తరబడి పోదు. రాగి టబ్ సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. పెంబర్తి పనివాళ్లు రాగి, ఇత్తడి రేకు మీద చేసే నగిషీ చూసినప్పుడల్లా నాకూ ఒకటి చేయించుకోవాలనిపిస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో రాగి బాయిలర్‌ను చింతపండుతో తోమే డ్యూటీ నాదే, అది గుర్తొచ్చి ఆగిపోతాను.

ఫైబర్‌గ్లాస్ దగ్గర జాగ్రత్త. షాపులో "యాక్రిలికే సార్" అని అమ్మేవాటిలో కొన్ని ఫైబర్ మీద జెల్‌కోట్ రంగు పూసినవి. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. రెండు మూడేళ్లకు జెల్‌కోట్ మసకబారి, సన్నని వెంట్రుక పగుళ్లు తేలతాయి. తేడా పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. వేస్ట్ (నీళ్లు బయటికి పోయే అమరిక) బిగించే కన్నం అంచు చూడండి. అసలైన యాక్రిలిక్ అయితే పైన తెల్లని షీటు ఒక పొరగా, దాని వెనక ఫైబర్, రెసిన్ మరో పొరగా విడివిడిగా కనిపిస్తాయి. జెల్‌కోట్ అయితే పెయింటంత పలుచగా ఉంటుంది. లోపల అడుగున బొటనవేలితో, తర్వాత పిడికిలితో గట్టిగా నొక్కండి, లొత్తపోకూడదు. టబ్ బోర్లించి అడుగు చూపించమనండి. అడుగున బలానికి చెక్క పలక వేసి ఫైబర్‌తో కప్పి ఉండాలి, కాళ్లు తిప్పి ఎత్తు సరిచేసుకునేలా ఉండాలి. బోర్లించడానికి షాపువాడు గునిస్తే పక్క షాపుకు పొండి. కెమికల్ వాసన గుప్పుమంటే రెసిన్ సరిగా ఆరలేదని అర్థం.

ఇక నా సొంత తప్పు. 2009లో ఒక డాక్టరు గారింట్లో మంచి యాక్రిలిక్ టబ్ పెట్టించాను. నాలుగు కాళ్లు లెవెల్ చూసి, అంచు గోడకు ఆనించి, ముందు టైల్స్ గోడ కట్టేశాం. అడుగు గాల్లో ఉంది. ఎనిమిది నెలలకు వేస్ట్ కన్నం పక్కన నక్షత్రంలా పగిలింది. మనిషి దిగిన ప్రతిసారీ అడుగు కొంచెం వంగి లేచింది, వంగి లేచింది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే. కంపెనీ వాళ్లు వారంటీ రాదన్నారు, వాళ్లదే న్యాయం. అప్పటి నుంచి కింద పలుచని ఇసుక, సిమెంటు మాలు పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి, మాలు పచ్చిగా ఉండగానే టబ్‌ను కూర్చోబెట్టి సగం నీళ్లు నింపి వదిలేస్తాను. టబ్ తన ఆకారం తనే అచ్చు వేసుకుంటుంది. కాళ్లు లెవెల్‌కే, బరువు మోయాల్సింది ఆ మాలు. అంచుకూ గోడకూ మధ్య సిలికాన్ కొట్టేటప్పుడు కూడా టబ్ నిండుగా ఉండాలి. ఖాళీ టబ్‌కు కొడితే మొదటిసారి నింపగానే టబ్ కొంచెం దిగి సిలికాన్ ఊడుతుంది. కొట్టాక ఒక రోజు ఆగి నీళ్లు వదలండి.

ముందు గోడలో వేస్ట్ దగ్గర ఒక టైలు ఊడదీసేలా ఉంచండి. అయస్కాంతంతో నిలిచే ఫ్రేములు దొరుకుతాయి. సందు మాత్రం వదలొద్దు, పందికొక్కు కాకపోయినా బొద్దింకలు కాపురం పెడతాయి. టబ్ వాడని నెలల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే ఎండలకు, ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి మురికి వాసన పైకి తంతుంది. వారానికి ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. కుంకుడుకాయ రసం వడకట్టకుండా వాడే ఇల్లైతే వేస్ట్ మీద జాలీ తప్పనిసరి.

బోరు నీళ్ల గురించి. సబ్బు నురగ రావడానికి మొరాయిస్తోందంటే ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. వరంగల్ చుట్టుపక్కల చాలా బోర్లది ఇదే కథ. ఏ టబ్ మీదైనా నీళ్లు ఆరిన చోట తెల్లటి చార కడుతుంది. నల్లటి టబ్ కొంటే అది ముగ్గు వేసినట్టు కనబడుతుంది, కాబట్టి తెలుపే తీసుకోండి. వాడాక ఒక పాత నూలు గుడ్డతో తుడిస్తే సగం బాధ పోతుంది. చార పట్టాక వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి రుద్దితే యాక్రిలిక్‌కు ఏం కాదు. పాలరాయి మీద మాత్రం పొయ్యొద్దు, మెరుపు తినేస్తుంది. వీధిలోకి వచ్చే బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అది ఎనామిల్ మెరుపును, గ్రౌట్‌ను, కుళాయిల క్రోమ్‌ను, వేస్ట్ రింగును తినేస్తుంది. యాక్రిలిక్‌కు అసలు శత్రువు థిన్నర్. పెయింటర్లు చివరి రోజుల్లో బ్రష్షులు టబ్‌లో కడుగుతారు, నేను రెండు ఇళ్లలో చూశాను. గోర్ల రంగు తుడిచే మందు కూడా అదే జాతి. కొత్త టబ్‌కు అంటించిన ప్లాస్టిక్ పొర ఇంటి పనంతా అయ్యేదాకా పీకొద్దు. సన్న గీతలు పడితే భయం లేదు, నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) 800 నంబరుతో మొదలుపెట్టి 2000 దాకా రుద్ది పాలిష్ పెడితే పోతాయి. దోమల చుట్ట, అగరుబత్తి అంచు మీద పెడితే పడే గుంట పోదు.

టబ్ కొనేముందు గీజర్ చూసుకోండి. చలికాలం ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు అనుకుందాం. 25 లీటర్ల గీజర్‌లోని వేడినీళ్లు చల్లనీళ్లతో కలిస్తే నలభై డిగ్రీల నీళ్లు యాభై లీటర్ల చిల్లర వస్తాయి. టబ్‌కు నూట యాభై కావాలి. అంటే మూడు దఫాలు, ఒక్కోటి మళ్లీ కాగడానికి అరగంట పైనే. మూడోది వచ్చేసరికి మొదటిది చల్లారుతుంది. కరెంటు మూడున్నర యూనిట్లు, అది పెద్ద భారం కాదు. సమస్యంతా వేగానిదే. డాబా మీద సోలార్ హీటర్ ఉంటే దిగులే లేదు. లేకపోతే యాభై లీటర్ల గీజర్ పెట్టి, అమ్మగారికి మోకాళ్లు మునిగేంత వరకే నింపండి, వంద లీటర్లు చాలు. నీళ్లు చల్లగా ఉన్నాయని టబ్‌లో హీటర్ రాడ్ మాత్రం వేయనివ్వకండి. మనిషి ఉన్నా లేకపోయినా. రాడ్ యాక్రిలిక్‌కు తగిలితే కరిగి కన్నం పడుతుంది, అది చిన్న నష్టం. నీళ్లలో షాక్ కొడితే చెప్పేదేముంది.

నీళ్లు చిమ్మే మోటారు జాకుజీ అడగొద్దు. బోరు సున్నంతో ఆ సన్న పైపులు రెండేళ్లలో పూడుకుపోతాయి, లోపల నిలిచిన నీళ్లు కుళ్లుతాయి. షాపులో అది కలిపి అమ్మాలనే చూస్తారు. అమ్మగారికి బీపీ, గుండె మందులు ఉంటే వేడినీళ్లలో ఎంతసేపు కూర్చోవచ్చో మీ డాక్టరును అడగండి, అది నా పని కాదు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. టేపు పట్టుకుని మెట్ల మలుపు, బాత్‌రూమ్ గుమ్మం కొలిచి రాసుకోండి. పోయిన ఏడాది ఒక ఇంట్లో టబ్ మెట్ల మలుపులో తిరగక, కొత్తగా బిగించిన కిటికీ గ్రిల్ కోసి తాళ్లతో పైకి లాగాం. ఆ కొలతలు, ఇంజినీర్ డ్రాయింగ్‌లో బాత్‌రూమ్ పక్కన బీములు ఎక్కడున్నాయో ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. టబ్ ఏ గోడ వైపు తల పెట్టాలో, వేస్ట్ ఎటు తీయాలో చూసి చెప్తాను.